కుండ ఎంతో రేకు అంతే

ధవళేశ్వరం బ్యారేజీ మీదికి కారు ఎక్కేసరికి ఇంకా మంచు విడలేదు. గోదారి కనబడదు, ఎక్కడో పడవలో మాట్లాడుకుంటున్న వాళ్ళ గొంతులు మాత్రం నీళ్ళ మీదుగా వచ్చి తగులుతున్నాయి. "అద్దం దించరా, విందాం" అంది అక్క. తమ్ముడు దించాడు గానీ, అతని బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. నెలకి నాలుగు వేల సీసాలు, సీసాకి ఇంత మిగిలితే ఏడాదికి ఎంత?

అక్కది ఖమ్మం పుట్టిల్లు, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి అత్తిల్లు. పద్నాలుగేళ్ళుగా పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్ముతోంది. వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళు, నెలకి ఆరు వందల సీసాలు. మొన్న దీపావళి వెళ్ళాక ఒక పెద్ద సూపర్‌మార్కెట్ల సంస్థ మనిషి వచ్చి నాలుగు వేలు కావాలన్నాడు. ప్రతి సీసా ఒకే రుచి ఉండాలి, ఆరు నెలలు నిల్వ ఉండాలి. తమ్ముడికి లెక్కల ఉద్యోగం కాబట్టి రాత్రికి రాత్రే లాభం తేల్చేశాడు. అక్క సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. "తరాల తరబడి ఒక్క వస్తువే చేసి బతుకుతున్నవాళ్ళని ఓసారి చూసొద్దాం పద" అంది. అలా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, గోదారి నుంచి నాగావళి దాకా. ఒప్పందం కాగితాలు డిక్కీలో బట్టల సంచి అడుగున ఉన్నాయి.

ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట దీనికి ముందుది. బొబ్బర్లంక దగ్గర నేల మీదికి దిగగానే పక్కనే కాలువ తోడొస్తుంది. దాళ్వా వరి మోకాలెత్తు పచ్చగా ఉంది. గట్ల మీద కొబ్బరి, మధ్య మధ్య అరటి. ఖమ్మంలో ఈ రోజుల్లో ఎటు చూసినా కళ్ళాల మీద ఎర్రగా ఆరే మిరపకాయే. అక్కడ గాలికి తుమ్ములొస్తాయి, ఇక్కడ గాలికి నిద్రొస్తుంది.

ఆత్రేయపురంలో వీధి వెంట అట్టపెట్టెలు పేర్చిన దుకాణాలు చాలానే ఉన్నాయి. అక్క వాటి ముందు ఆగలేదు. పొగ కనిపించిన సందులోకి నడిచింది.

పూతరేకు తిననివాళ్ళు తెలుగునాట అరుదు, రేకు పుట్టడం చూసినవాళ్ళు అంతకన్నా అరుదు. పాకలో పొయ్యి మీద గుండ్రటి కుండ బోర్లించి ఉంది. దాని వీపు నున్నగా, నల్లగా మెరుస్తోంది. కింద కొబ్బరాకు మంట. పక్కన పళ్ళెంలో, నీళ్ళ పాలలాంటి బియ్యప్పిండి పూత. నడివయసు ఆవిడ ఒకరు పల్చటి గుడ్డను అందులో ముంచి, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని కుండ వీపు మీంచి ఒక్క లాగు లాగింది. చుయ్యిమని ఆవిరి. గుడ్డ ఇటు దాటేసరికి అటు రేకు ఆరిపోయి అంచు లేచింది. రెండు వేళ్ళతో ఊడదీసి పక్కన వేసింది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ ఆవిరి. మాట్లాడుతూనే ఉంది, లాగుతూనే ఉంది. ఒక్క రేకూ చిరగలేదు.

వచ్చిందెవరు, కొంటారా కొనరా అని అడగలేదు. ముందు పీట వేయించింది. తర్వాత ఒక రేకు తీసి, చిటికెడు పంచదార పొడి చల్లి, మడిచి చేతిలో పెట్టింది. అది బరువుకి లేదు, నోట్లో పెట్టుకుంటే నమలడానికీ లేదు.

తమ్ముడు ఊరుకోలేకపోయాడు. "ఇంకా పెద్ద కుండ పెట్టుకుంటే పెద్ద రేకు వస్తుంది కదండీ? పని సగమవుతుంది."

"ఆయ్, వస్తదండి. నా చేతులు కూడా పెరగాలి కదండీ!" అంది ఆవిడ. పాకలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అక్క మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కుండ చుట్టుకొలత ఎవరో నిపుణులు నిర్ణయించింది కాదు. రెండు చేతులు చాస్తే గుడ్డ ఎంత సాగుతుందో, పొయ్యి ముందు కూర్చున్న నడుం ఎంత వంగుతుందో దాన్ని బట్టి వచ్చిన కొలత అది. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపేసి, మధ్యాహ్నం పిల్లలకి అన్నం పెట్టుకునే పని. ఇక్కడ రేకు తీసేవాళ్ళు వేరు, నెయ్యీ పంచదారా బెల్లం వేసి చుట్టేవాళ్ళు వేరు, పెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్ళు వేరు. ఎవరి పాలు వాళ్ళకి ఉంది, ఎవరి ఇంటి వీలు వాళ్ళు చూసుకున్నారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంక్షేమ సంఘం పేరులో కాటన్ దొర పేరే ఉంది. ఆనకట్ట కట్టాక వరి, వరి వెనక బియ్యం, బియ్యం వెనక రేకు. కృతజ్ఞత ఆ వరసలోనే వెళ్ళింది కాబోలు.

దుకాణంలో ఇప్పుడు జీడిపప్పు, బాదం పెట్టినవే కాదు, చాక్లెట్ పెట్టినవి కూడా దొరుకుతాయి. చాక్లెట్ పూతరేకు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. ఈ రాస్తున్నవారికి బెల్లం చాలు. కానీ ఒకటి గమనించాలి. మారేది లోపల చుట్టేది మాత్రమే, రేకు జోలికి ఎవరూ పోలేదు.

రావులపాలెం దారిలో లొల్ల లాకులు దాటుతుండగా అక్క అంది: "నా పచ్చడిలో రేకు ఏదిరా?" తమ్ముడికి అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. ప్రతి జాడీ మూత తీసి ఉప్పు తను చూస్తుంది. పద్నాలుగేళ్ళలో ఒక్క జాడీ కూడా ఆవిడ నాలుక దాటి బయటికి పోలేదు. ఆరు వందల సీసాలకి ఒక నాలుక సరిపోతుంది. నాలుగు వేలకి?

"మనిషిని పెట్టుకుందాం" అన్నాడు తమ్ముడు.

"నాలుకని పెట్టుకోవాలి."

గౌతమి దాటి, ఆలమూరు, మండపేట మీదుగా తాపేశ్వరం. ఇక్కడ మరో స్వభావం. మైదా పిండిని పల్చగా వత్తి, పొరల మీద పొరలుగా మడిచి, కోసి, వేయించి, పాకంలో ముంచిన మడత కాజా ఈ ఊరికి పేరు తెచ్చింది. దాన్ని మొదట చేసిన పోలిశెట్టి సత్తిరాజు పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాజాతో మొదలైన ఊరు అక్కడితో ఆగలేదు. ఖైరతాబాద్ వినాయకుడి చేతిలో పెట్టిన భారీ లడ్డూ కొన్నేళ్ళు ఇక్కడినుంచే వెళ్ళింది. 2016 సెప్టెంబరు 6న ఇక్కడి మిఠాయి తయారీదారు పి.వి.వి.ఎస్. మల్లికార్జునరావు చేసిన లడ్డూ 29,465 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. "చూశావా అక్కా! పెరగాలనుకుంటే ఇలా పెరగొచ్చు."

నిజమే, ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పెరగడమే తెలియనితనం, చిన్నగా ఉండటమే గొప్పతనం అని ఎవరైనా అంటే వాళ్ళని తాపేశ్వరం పంపాలి. అక్కడి కౌంటర్ల దగ్గర మనుషుల హడావుడి చూడాలి. పెళ్ళివారి పందిరిలా ఉంటుంది. ఆ సందడి లేకపోతే అక్కడివాళ్ళకి తోచదు. మడత కాజా కూడా దానికి తగ్గట్టే ఉంటుంది: పైన పొడిగా, పెట్టెలో కుదురుగా, ఎంత దూరమైనా పోగలిగినట్టు.

కాకినాడ గొట్టం కాజా అలా కాదు. గుంటూరు సీమలోని చినపరిమి నుంచి వలస వచ్చిన చిట్టిపెద్ది కోటయ్య పేరు మీద అది కోటయ్య కాజా అయింది. చూడటానికి చిన్న గొట్టం, లోపలంతా పాకం. కొరకడం తెలియనివాళ్ళ చొక్కాకి మరక పట్టిస్తుంది. తెలిసినవాళ్ళు తల కాస్త పైకెత్తి, మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుంటారు. తమ్ముడి చొక్కా మీద ఆ పాఠం రెండు రోజులుంది. మధ్యాహ్నం అరిటాకు భోజనంలో వడ్డించే పెద్దాయన ఆకు మీది పప్పు, కూర, పులుసు అయ్యేదాకా కదలడు. "ఇంకొంచెం" అనడం ఇక్కడ ప్రశ్న కాదు. హైదరాబాద్‌లో చెయ్యి అడ్డం పెడితే ఆగుతారు. కాకినాడలో చేతి పక్కనుంచి వడ్డిస్తారు.

అన్నవరం కొండ కింద అడ్డాకులో ప్రసాదం తింటూ అక్క పాత సంగతి తవ్వింది. ఆరేళ్ళ కిందట ఇంకో పేటలో రెండో దుకాణం పెట్టారు. అద్దాల గది, పేరు బోర్డుకి లైట్లు. ఏడాదిన్నరలో మూసేశారు. అప్పుడు అందరూ అద్దెని తిట్టారు. ఇప్పుడు ఆలోచిస్తే కారణం వేరేలా కనబడుతోంది. ఆ ఏడాదిన్నరా ఆవిడ పొయ్యి దగ్గర లేదు, కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుంది. బిల్లులు రాసింది, సీసాలు తుడిచింది, రానివాళ్ళ కోసం వీధిలోకి చూసింది. ఆవిడకి మనుషులతో మాట్లాడటం రాక కాదు. మాట్లాడేటప్పుడు చేతికి కారం అంటి ఉండాలి, అంతే. "నేను అక్కడ అద్దె మనిషిలా కూర్చున్నానురా" అంది. తమ్ముడు ఆ దుకాణం లెక్కలు తనే చూశాడు. ఈ అంకె అతనికి అప్పుడు కనబడలేదు.

తుని దాటాక రోడ్డుకి రెండు వైపులా మామిడి పూత. అక్కడక్కడ జీడి తోటలు. అడ్డరోడ్డు దగ్గర పెద్ద రహదారి వదిలి లోపలికి మళ్ళితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక.

ఈ ఊళ్ళో ముందు చెవికి అందేది తరిమెన చప్పుడు. ఇంటి అరుగు మీద మోటారుకి బిగించిన అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతుంటుంది. ఉలి ఆనిస్తే తెల్లటి పొట్టు రిబ్బన్లలా రాలుతుంది. అంకుడు మెత్తని కర్ర, బిరుసు చూపించదు. ముక్కకి బుగ్గ వచ్చి, మెడ వచ్చి, తలపాగా వచ్చాక అసలు విచిత్రం మొదలవుతుంది. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. కుంచె లేదు, డబ్బా లేదు. తర్వాత మొగలాకు ముక్కతో రుద్దితే, బొమ్మలో ఎదుటివాడి మొహం కనిపించేంత మెరుపు వస్తుంది. అరుగు మీద కూర్చున్న కుర్రాడు తమ్ముడి చేతికి మొగలాకు ఇచ్చి, "మీరు కూడా పట్టండి సార్" అన్నాడు. తమ్ముడు పట్టాడు. బొమ్మ మెరిసింది. ఆ తర్వాత గంటసేపు అతను ఏ లెక్కా చెప్పలేదు.

ఇప్పుడిలా ఉన్న పని ఒకప్పుడు చెడిపోయే దారిలో పడింది. చవక రసాయన రంగులు వచ్చాక చెట్ల రంగులు మరుగునపడ్డాయి. పిల్లలు బొమ్మని ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా. ఆ ఊరివారే అయిన సి.వి. రాజు అక్కడ తలదూర్చారు. ఆయన చదివింది వ్యవసాయ శాస్త్రం. ఇంకో వ్యాపారి అయితే ఇంతకన్నా మంచి రంగుల డబ్బా ఎక్కడ దొరుకుతుందో వెతికేవాడు. వ్యవసాయం చదివినాయన కాబట్టి గింజల వైపు, ఆకుల వైపు, వేర్ల వైపు చూశారు. జాఫ్రా గింజల్లోంచి నారింజ ఎరుపు, పసుపు కొమ్ములోంచి పసుపు, నీలి ఆకుల్లోంచి నీలం. ఒక్కో రంగు లక్కతో కలిసి, వేడికి నిలబడి, వెలిసిపోకుండా ఉండేదాకా పనివాళ్ళతో కూర్చుని మళ్ళీ మళ్ళీ చేసి చూడటమే ఆయన చేసింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద నిలబడింది ఈ బొమ్మలే.

మనిషికి తగిన వ్యాపారం అంటే ఇష్టమైన పని చేసుకోవడం అనుకుంటారు చాలామంది. ఏటికొప్పాకలో చూస్తే అది ఇంకొంచెం కఠినమైన సంగతిలా ఉంది. కష్టం వచ్చినప్పుడు ఎవరి చెయ్యి ఏ వైపు వెళ్తుందో అది ఆ మనిషి. అక్క చెయ్యి ఉప్పు వైపు వెళ్తుంది. తమ్ముడిది కాగితం వైపు. రెండూ కావాలి, కానీ సీసా మీద ఉన్నది ఆవిడ పేరు.

చిలకపాలెం దగ్గర మళ్ళీ పెద్ద రోడ్డు వదిలి పొందూరు చేరేసరికి నాలుగో రోజు మధ్యాహ్నం. ఇప్పటిదాకా ప్రయాణం అక్క వైపే మాట్లాడుతూ వచ్చింది. పొందూరు ఎదురు మాట్లాడింది.

అక్కడి నేతకి పేరు తెచ్చింది నూరో నెంబరు నూలు. కొండపత్తిని, గింజ ఒలవకముందే, వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో వరసగా ఉన్న సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేస్తాయి. చెత్త పోయి పోగులు ఒక దారికి వస్తాయి. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, చరఖా ముందు కూర్చుంటారు. ఎడమ చెయ్యి పైకి లేస్తుంటే వేళ్ళ మధ్యలోంచి వెంట్రుకలాంటి సన్నని దారం పుడుతుంది. గాంధీజీ మెచ్చుకున్న ఖద్దరు ఇది. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టపడి కట్టిన పంచెలు ఇక్కడివే. ఆంధ్రా సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఈ పనిని నిలబెడుతూ వస్తోంది.

వడుకుతున్న అవ్వకి డెబ్బై దాటి ఉంటాయి. కళ్ళద్దాలకి ఒక వైపు పురికొస కట్టుకుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుందట. అక్క ముచ్చటపడి, "మీ చేతికి ఈ పనే రాసిపెట్టినట్టుందమ్మా" అంది.

అవ్వ చరఖా ఆపలేదు. "మా సేతికి రాసినాడు సరే. కూలి ఎవులు రాస్తారమ్మా? మా పిల్లలు రారు. వస్తే ఏటి తింతారు?"

చిలపకి ఇంత అని లెక్క. రోజంతా వడికినా చేతికొచ్చేది కొంచెమే. పంచె కట్టేవాళ్ళకి అది హుందాతనం, అమ్మేవాళ్ళకి గౌరవం, రాసేవాళ్ళకి మంచి కథ. వడికే ఇంట్లో తర్వాతి తరం లేదు. సంఘం ఉంది, పేరుంది, కొనేవాళ్ళూ ఉన్నారు. అయినా చరఖా ముందు కూర్చున్నవాళ్ళలో నల్ల జుట్టు అరుదుగా కనబడింది. మనిషికి తగిన వ్యాపారం అని మురిసిపోయేముందు ఏ మనిషికి అని అడగాలి. ఆత్రేయపురం పాకలో పొయ్యి ముందు చెమట కారుస్తున్న ఆవిడని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ నాలుగు రోజుల యాత్రలో అది ఒక లోపమే.

పొందూరులో అక్క ఒక పంచె కొంది, బేరమాడలేదు. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. విజయనగరం దాటాక అడిగింది: "మన వంటింట్లో ముగ్గురికీ ఎంతిస్తున్నాం?" తమ్ముడు అంకె చెప్పాడు. "చివరిసారి ఎప్పుడు పెంచాం?" ఆ అంకె కోసం అతను ఫోన్ తీయాల్సి వచ్చింది. మూడేళ్ళయింది.

ఆ ముగ్గురూ పద్నాలుగేళ్ళలో జాడీ ఉప్పు చూడటం నేర్చుకోలేదా అన్న ఆలోచన అక్కడే వచ్చింది. నేర్చుకున్నారు. ఆవిడే చూడనివ్వలేదు. నాలుక ఒక్కటే అని లొల్ల లాకుల దగ్గర గొప్పగా చెప్పుకున్న మాట పొందూరు చేరేసరికి కొంచెం పలచబడింది.

ఇంటికొచ్చాక ఒప్పందం కాగితాలు సంచి అడుగునుంచి బయటికొచ్చాయి. సంతకం పెట్టలేదు. ఆరు నెలల నిల్వ షరతుని పక్కన పెట్టి, గోంగూర, చింతకాయ రెండు రకాలే, నెలకి మూడు వందల సీసాలు, అదీ ఆ కాలం వచ్చినప్పుడే ఇవ్వగలమని తమ్ముడు ఉత్తరం రాశాడు. ముగ్గురి జీతాలూ పెరిగాయి. వాళ్ళలో పెద్దావిడ ఇప్పుడు జాడీలు రుచి చూస్తోంది. మొదటి వారం రెండు జాడీలు వెనక్కి పంపింది, రెండూ అక్క సరే అన్నవే.

సూపర్‌మార్కెట్ వాళ్ళ నుంచి ఇంకా జవాబు రాలేదు. ఈ ఏడు ఆవకాయ ఎనిమిది వందల సీసాలే, ముందు చెప్పుకున్నవాళ్ళకే.